పెరటి గచ్చు, వేణ్ణీళ్ల తొట్టి: కాంక్రీటు వెనుక రసాయనశాస్త్రం

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో పెరడు అన్న మాటకు అర్థం చాలావరకు మారిపోయింది. నుయ్యి లేదు, గిలక లేదు, నీళ్లు కాచుకొనే రాగి కాగు లేదు. కరివేపాకు మొక్క చలికాలం రాగానే కుండీతో సహా ఇంట్లోకి వలస వస్తుంది. పెరట్లో మిగిలేది పచ్చిక, దానిని ఆనుకొని పేటియో అని పిలిచే కాంక్రీటు గచ్చు. ఆ గచ్చు మీదికి ఇప్పుడు చాలా ఇళ్లలో హాట్ టబ్ అనే వేణ్ణీళ్ల తొట్టి వచ్చి చేరుతున్నది. నడుమునొప్పులు, మోకాళ్ల నొప్పులు పలకరించే వయసుకు చేరుకొన్నవారికీ, ఆరునెలల వీసా మీద వచ్చే తల్లిదండ్రులకూ అది విలాసం కన్న ఉపశమనంగానే తోస్తుంది.

నిజానికి ఈ తొట్టి పుట్టుక కూడ ఒక వలస కుటుంబం కథే. ఇటలీ నుండి కాలిఫోర్నియాకు వచ్చిన జకూజీ సోదరులు వ్యవసాయపు నీటి పంపుల వ్యాపారం చేసేవారు. వారిలో ఒకరి కుమారునికి చిన్నతనంలోనే కీళ్లవాతం వచ్చింది. ఆసుపత్రిలో ఇచ్చే జలచికిత్స ఇంట్లోనే ఇవ్వాలన్న తపనతో స్నానపు తొట్టిలో ముంచగల పంపును వారు తయారుచేశారు. 1956లో అది బజారులోకి వచ్చింది. 1968లో అదే కుటుంబానికి చెందిన రాయ్ జకూజీ నీటిధారలను తొట్టి గోడలోనే అమర్చిన నమూనాను రూపొందించాడు.

తొట్టి కొనేవారు దాని రంగు, నీటిధారల సంఖ్య, ధర గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. దాని కింద ఉండవలసిన గచ్చు గురించి మాత్రం ఒక మధ్యాహ్నం ఆలోచించి ఊరుకుంటారు. ఈ వరుస తలకిందులుగా ఉండవలసింది. తొట్టి నచ్చకపోతే అమ్మివేయవచ్చు. పోసిన కాంక్రీటు కొన్ని గంటల్లోనే రాయి అవుతుంది. తప్పు జరిగితే సమ్మెటలతో పగులగొట్టి, ట్రక్కులో ఎత్తి పారబోయడం తప్ప మార్గం లేదు.

ముందుగా బరువు సంగతి. ఏడడుగుల చదరపు తొట్టి ఒకటి ఉన్నదనుకొందాం. అందులో 400 గ్యాలన్ల నీరు పడుతుంది. అమెరికన్ గ్యాలను నీటి బరువు 8.34 పౌండ్లు కనుక నీరే 3,336 పౌండ్లు. ఖాళీ తొట్టి సుమారు 800 పౌండ్లు. ఆరుగురు మనుషులు, తలకు 175 పౌండ్ల చొప్పున, 1,050 పౌండ్లు. మొత్తం 5,186 పౌండ్లు, అనగా రెండున్నర టన్నులకు పైమాటే. నీటిలో దిగిన మనిషి తేలికగా తోస్తాడు కనుక అతని బరువు లెక్కించనక్కర లేదని కొందరు వాదిస్తారు. నీరు పొర్లిపోనంతవరకు ఆ మనిషి బరువు పూర్తిగా గచ్చు మీదనే పడుతుంది. ఆర్కిమిడీస్ సూత్రం అతనికి ఊరట ఇస్తుందే గాని గచ్చుకు ఇవ్వదు.

ఈ బరువును 49 చదరపు అడుగులకు పంచితే చదరపు అడుగుకు సుమారు 106 పౌండ్లు వస్తుంది. ఇళ్లకు ఆనుకొని కట్టే చెక్క డెక్కులు సాధారణంగా చదరపు అడుగుకు 40 పౌండ్ల వాడుక భారానికే రూపొందిస్తారు. అందుచేత ఉన్న డెక్కు మీద తొట్టి పెట్టే ఆలోచనను ఇంజనీరు చేత పరీక్ష చేయించకుండా తలపెట్టరాదు. ఈ విషయంలో ఇరుగుపొరుగు వారి అనుభవం ప్రమాణం కాదు.

నేల మీద వేసిన గచ్చు సంగతి వేరు. నాలుగు అంగుళాల మందం గల కాంక్రీటు తన సొంత బరువు చదరపు అడుగుకు మరో 50 పౌండ్లు కలుపుతుంది. మొత్తం 156. అమెరికా గృహనిర్మాణ నియమావళి బలహీనమైన బంకమట్టికి కూడ చదరపు అడుగుకు 1,500 పౌండ్లు మోయగల శక్తి ఉన్నదని లెక్క కడుతుంది. అంటే పడే భారం, నేల మోయగల భారంలో దాదాపు పదోవంతు. మరి చిక్కు ఎక్కడ ఉన్నది?

నేల ఎంత మోస్తుందన్నది కాదు, అంతటా ఒకే తీరున మోస్తుందా లేదా అన్నది అసలు ప్రశ్న. కాంక్రీటు నలిపితే ఓర్చుకొంటుంది, సాగదీస్తే ఓర్చుకోదు. చదరపు అంగుళానికి 4,000 పౌండ్ల నలుగుడుకు నిలిచే కాంక్రీటు అందులో సుమారు పదోవంతు లాగుడుకే బీటవారుతుంది. అడుగున నేల అంతటా సమంగా ఆని ఉన్నంతకాలం గచ్చు వంగదు. ఒక మూల మట్టి కుంగితే ఆ మూల గాలిలో నిలిచిన చూరులా మారి, పైభాగం సాగి, చిట్లుతుంది. ఇల్లు కట్టేటప్పుడు తవ్వి, పునాది గోడ పక్కన మళ్లీ పూడ్చిన మట్టి ఇందుకు పేరుపడ్డది. పేటియోలు వేసేది సరిగ్గా అక్కడనే! అటువంటిచోట పై మట్టిని, గడ్డి వేళ్లను పూర్తిగా తొలగించి, నాలుగు నుండి ఆరు అంగుళాల కంకరను పొరలు పొరలుగా పోసి, యంత్రంతో దిమ్మిస కొట్టించాలి. ఖర్చు తగ్గించుకోదలచినవారు ఈ పనిలో తప్ప మరెక్కడ తగ్గించుకొన్నా ఫరవాలేదు.

నల్లరేగడి ఇక్కడ కూడ

డాలస్, ఆస్టిన్ పరిసరాలలో నివసించే తెలుగువారికి కాలి కింద ఉన్న మట్టి కొత్తది కాదు. టెక్సాస్ నల్లమట్టి మైదానాల మట్టీ, కర్నూలు, గుంటూరు, ఆదిలాబాదు జిల్లాల నల్లరేగడీ స్వభావంలో దగ్గరి చుట్టాలు. నేలల శాస్త్రంలో నల్లమట్టికి ఇంగ్లీషువారు స్థిరపరచిన రెగర్ అన్న పేరు కూడ మన రేగడి నుండి వెళ్లినదే. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైటు జాతి ఖనిజం ఉంటుంది. అతి పలుచని రేకులు ఒకదానిపై ఒకటి పేర్చిన పేకముక్కల కట్ట వంటిది దాని నిర్మాణం. రేకులకు రుణ విద్యుదావేశం ఉంటుంది; వాటి నడుమ సోడియం, కాల్షియం అయానులు నిలిచి ఉంటాయి. వాన పడినప్పుడు ఆ అయానుల కోసం నీటి అణువులు రేకుల నడుమకు చొరబడి, కట్టను విప్పుతాయి. మట్టి ఉబ్బుతుంది. ఎండకు నీరు పోగానే కుదించుకొని, వేసవిలో పొలాలలో కనిపించే నెర్రెలు తీస్తుంది.

ఇటువంటి నేల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున ఉబ్బెత్తుగా ఉండే ప్రత్యేకమైన స్తంభపు పునాదులను అభివృద్ధి చేసింది. ఉబ్బి కుదిసే పైపొరను దాటి, తేమ మారని లోతులో కట్టడాన్ని నాటడం అందులోని కిటుకు. పెరటి గచ్చుకు అంత శ్రమ ఎవరూ పడరు. అయితే సూత్రం ఒకటే: గచ్చు కింద తేమను మారనీయకూడదు. ఇంటి కప్పు మీది వాననీరు గొట్టం గుండా వచ్చి గచ్చు అంచున పడరాదు. పెద్ద చెట్టు వేళ్లు ఒకవైపు మట్టిని మాత్రమే పీల్చి ఎండబెట్టరాదు. మరొక సంగతి తరచు మరుగున పడుతుంది. తొట్టిలోని నీటిని మూడు నాలుగు నెలలకొకసారి మార్చవలసి ఉంటుంది. ఆ 400 గ్యాలన్లను అడుగున ఉన్న కుళాయి విప్పి అక్కడికక్కడే వదిలితే, గచ్చు ఒక అంచు కింద రేగడి ఉబ్బి, రెండవ అంచు కింద ఎండి ఉంటుంది. ఎవరి తొట్టి వారి గచ్చునే పగులగొట్టే పద్ధతి ఇది. గొట్టం తగిలించి దూరంగా, ఊరి నియమాలు అనుమతించిన చోటికి, క్లోరిన్ విరిగిపోయిన తరువాత వదలడం మంచిది.

మంచు మట్టిని ఎలా లేపుతుంది?

చికాగో, మినియాపోలిస్ ప్రాంతాల వారికి రేగడి బెడద తక్కువ, మంచు బెడద ఎక్కువ. చికాగోలో పునాదులు 42 అంగుళాల లోతుకు వెళ్లాలి; ఉత్తర మినెసోటాలో 60 అంగుళాలు. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుందన్నది బడిపిల్లలకు కూడ తెలుసు. చలికాలంలో నేల పైకి లేవడానికి అదే కారణమని చాలాకాలం అందరూ నమ్మారు. దక్షిణ కరొలైనా విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. నీటికి బదులు బెంజీనుతో మట్టిని తడిపి గడ్డకట్టించాడు. బెంజీను గడ్డకట్టినప్పుడు వ్యాకోచించదు, సంకోచిస్తుంది. అయినప్పటికీ మట్టి పైకి లేచింది! 1929, 1930 సంవత్సరాలలో ఆయన ప్రచురించిన ఈ ఫలితాలు సమస్య స్వరూపాన్నే మార్చివేశాయి.

జరిగేది ఇది. గడ్డకట్టే పొర వద్ద మంచు పలకలు ఏర్పడతాయి. అవి అడుగున గడ్డకట్టని మట్టి నుండి, సన్నని రంధ్రాల గుండా, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు నీటిని పీల్చుకొని లావెక్కుతాయి. అందుచేత మట్టి లేవడానికి మూడు కావాలి: చలి, నీరు, నీటిని పైకి లాగగల సన్నని రేణువుల మట్టి. చలిని ఎవరూ ఆపలేరు. మిగిలిన రెంటిలో ఏ ఒక్కటి తీసివేసినా చాలు. గచ్చు కింద కంకర పొర చేసే పని అదే. కంకర రాళ్ల మధ్య ఖాళీలు పెద్దవి. అందులో నీరు పైకి ప్రాకదు, నిలవదు కూడ. అయితే కంకర గుంటకు నీరు బయటికి పోయే దారి ఉండాలి. లేనిచో బంకమట్టి మధ్య కంకర గుంట చెరువుగా మారుతుంది.

ఆరడం వేరు, గట్టిపడడం వేరు

కాంక్రీటు ఆరి గట్టిపడుతుందన్న భావన లోకంలో స్థిరంగా నాటుకొని ఉన్నది. అది పొరపాటు. 1824లో లీడ్స్ నగరపు తాపీ మేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొంది పోర్ట్‌లాండ్ అని పేరు పెట్టిన సిమెంటుకు వారసులైన నేటి సిమెంటులలో ముఖ్యమైనవి కాల్షియం సిలికేట్లు. అవి నీటితో రసాయనికంగా సంయోగం చెంది, అతి సూక్ష్మమైన జిగురు పదార్థాన్నీ, సున్నాన్నీ ఏర్పరుస్తాయి. ఆ జిగురే ఇసుకనూ కంకరనూ కలిపి రాయిగా మారుస్తుంది. పూర్వం మన ఊళ్లలో వాడిన గానుగ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెలల తరబడి పీల్చుకొని గట్టిపడేది. సిమెంటు నీటిని తాగి గట్టిపడుతుంది. నీరు ఆరిపోతే చర్య ఆగిపోతుంది.

తెలుగు ఊళ్లలో పెరిగినవారు దీనిని కళ్లారా చూసినవారే. డాబా శ్లాబు పోసిన మరునాడు మేస్త్రి దాని మీద చిన్న చిన్న గట్లు కట్టించి, మడులు చేసి, నీరు నిలిపేవాడు. లేదా తడి గోనెలు కప్పించేవాడు. పిల్లలకు ఆ నీళ్లలో ఆడవద్దని చీవాట్లు పడేవి. అదంతా రసాయన చర్యకు ఆహారం పెట్టడమే. అమెరికాలో పెరటి గచ్చు వేసే కాంట్రాక్టర్లలో చాలామంది పోసిన రోజు సాయంత్రమే చెల్లింపు తీసుకొని వెళ్లిపోతారు. తడి ఉంచే బాధ్యత ఇంటివారిదే. కనీసం ఏడు రోజులు తడి గుడ్డలో, ప్లాస్టిక్ పట్టాయో కప్పి ఉంచితే తుది బలంలో సుమారు మూడింట రెండు వంతులు ఆ వారంలోనే వస్తుంది. లెక్కకు తీసుకొనే బలం 28 రోజులది. తొట్టిని నింపడానికి అంతవరకు ఆగగలిగితే ఉత్తమం.

సిమెంటుకు నీరు కావాలి గదా అని కలిపేటప్పుడే అధికంగా పోస్తే ఫలితం విపరీతం. చికాగోలోని లూయిస్ సంస్థలో డఫ్ ఏబ్రమ్స్ 1918లో వెల్లడించిన సూత్రం ప్రకారం, నీటి బరువుకు సిమెంటు బరువుకు మధ్య నిష్పత్తి పెరిగినకొద్దీ బలం తగ్గుతుంది. చర్యలో సిమెంటు రసాయనికంగా పట్టుకొనే నీరు దాని బరువులో సుమారు 23 శాతమే. జిగురు రంధ్రాలలో నిలిచేదానిని కలిపినా 42 శాతం చాలును. మిగిలినది ఆవిరైపోతూ వెనుక సన్నని సొరంగాలను వదిలి వెళ్తుంది. మంచు పడే చోట ఈ నిష్పత్తి 0.45 దాటరాదని నియమం. అంటే 94 పౌండ్ల సిమెంటు బస్తాకు సుమారు ఐదు గ్యాలన్ల నీరు. తడి ఇసుకలో ఉన్న నీరు కూడ ఇందులోనే లెక్క. రెడీమిక్స్ లారీ వచ్చినప్పుడు, పని సులువు కావడానికి డ్రైవరును కాస్త నీళ్లు కొట్టమని పనివారు అడగడం మామూలు. ఒక ఘనపు గజానికి అదనంగా పోసిన ప్రతి గ్యాలను నీరూ చదరపు అంగుళానికి సుమారు 200 పౌండ్ల బలాన్ని హరిస్తుంది. ఇంటి యజమాని ఆ రోజు సెలవు పెట్టి అక్కడ నిలబడి ఉండడం మంచిదనడానికి ఇదొక్కటే కారణం చాలు.

చలి ప్రాంతాలవారు కాంక్రీటులో నీరు తగ్గించడంతో పాటు గాలి పెంచవలసి ఉంటుంది. గట్టిపడిన కాంక్రీటు రంధ్రాలలో మిగిలిన నీరు గడ్డకట్టినప్పుడు లోపల ఒత్తిడి పుడుతుంది. 1930ల దశకంలో న్యూయార్కు రాష్ట్రపు రోడ్లలో కొన్ని భాగాలు మాత్రం మంచుకు చెక్కుచెదరకుండా ఉండడం ఇంజనీర్లు గమనించారు. ఆ సిమెంటును మరలో నూరేటప్పుడు కలిసిన కొవ్వు వంటి పదార్థాలే అందుకు కారణమని తేలింది. కుంకుడురసం నురగ కట్టినట్లే, అవి కాంక్రీటులో కోట్లకొలది సూక్ష్మమైన బుడగలను పుట్టించాయి. గడ్డకట్టే నీటికి అవి తలదాచుకొనే గదులు. ప్రతి నీటిబొట్టుకూ దాదాపు 0.2 మిల్లీమీటర్ల దూరంలో ఒక బుడగ ఉండాలి. అందుకే చలి రాష్ట్రాలలో లారీకి ఆర్డరు ఇచ్చేటప్పుడు సుమారు 6 శాతం గాలి గల మిశ్రమం కావాలని చెప్పాలి. ఇటువంటి కాంక్రీటు ఉపరితలాన్ని ఇనుప తాపీతో అద్దంలా నునుపు చేయరాదు, పైపొర ఊడిపోతుంది. చీపురుతో గీతలు పెట్టి గరుకుగా వదలాలి. తడికాళ్లతో తొట్టి దిగి వచ్చే పెద్దవారికి ఆ గరుకే రక్ష. డెబ్బై ఏళ్ల వయసులో తుంటి ఎముక విరగడం ఎంతటి కష్టమో వేరే చెప్పనక్కర లేదు.

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అంగుళాల మందం గల గచ్చుకు 40 ఘనపు అడుగులు, అంటే ఒకటిన్నర ఘనపు గజాల కాంక్రీటు పడుతుంది. 80 పౌండ్ల సంచులు 67 కావాలి. ఇద్దరు మిత్రులను భోజనానికి పిలిచి, ఆ సంచులు కలిపించే ఆలోచన స్నేహానికి మంచిది కాదు. సంచులు కలిపేలోగా మొదట పోసినది బిగుసుకొంటుంది కూడ. తడి సిమెంటు పి.హెచ్. 12 దాటిన క్షారం. అందులో మోకాళ్లు ఆన్చి పనిచేసినవారికి నొప్పి తెలిసేలోగానే చర్మం కాలిపోతుంది. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇనుము విషయంలో రెండు మాటలు. ఊచలు బీటలను ఆపవు. వచ్చిన బీటను తెరుచుకోకుండా పట్టి ఉంచుతాయి. అవి గచ్చు మందానికి నడుమ ఉండాలి, నేల మీద పడి ఉంటే దండుగ. తాజా కాంక్రీటు క్షారగుణం ఇనుముకు తుప్పు పట్టకుండ పలుచని పొరను కల్పిస్తుంది. క్లోరైడు అయానులు ఆ పొరను చీలుస్తాయి. గచ్చు మీద మంచు కరగడానికి చల్లే ఉప్పులోనూ, తొట్టిలో వాడే క్లోరిన్ మందు మిగిల్చే శేషంలోనూ ఉండేది అవే. బీట సన్నగా ఉన్నప్పుడే పూడ్చాలి. తొట్టి నీటిని సరిచేయడానికి వాడే ఆమ్లాన్ని గచ్చు మీద ఒలకనిస్తే సిమెంటును తినివేస్తుంది. దానిని క్లోరిన్ పొడితో కలిపితే వెలువడేది విషవాయువు. ఈ రెంటినీ ఒకే అరలో ఉంచరాదు.

ఇక మట్టం. పేటియో మీది వాననీరు ఇంటి వైపు రాకుండా అడుగుకు ఎనిమిదోవంతు నుండి పావు అంగుళం వరకు వాలు ఇవ్వడం రివాజు. పావు అంగుళపు వాలు మీద ఏడడుగుల తొట్టి పెడితే ఒక అంచు రెండవ దానికన్న అంగుళంముప్పావు దిగువన ఉంటుంది. నీటి మట్టం మాత్రం ఎప్పుడూ సమంగానే ఉంటుంది కనుక ఒకవైపు పొర్లబోతుంటే మరొకవైపు నీరు లోపలికి లాగే నోరు గాలి పీల్చుకొంటుంది. తొట్టి కింద చెక్కముక్కలు ఎగదోస్తే భారమంతా నాలుగు చోట్ల పడి, తొట్టి అడుగే విరగవచ్చు. అన్నిటికన్న మేలైనది తొట్టికి మాత్రం ఎనిమిదడుగుల చదరపు పలకను రసమట్టం చూసి సమంగా పోసి, దానికీ పేటియోకూ ఇంటి గోడకూ మధ్య మెత్తని పట్టీ ఉంచి, దేని దారి దానిదిగా వదలడం. నాలుగు అంగుళాల గచ్చును ఎనిమిది నుండి పన్నెండు అడుగులకొకసారి అంగుళం లోతున కోసి బీటలకు దారి చూపుతారు. ఎనిమిదడుగుల పలకకు నడుమ కోత అవసరమే లేదు. చలి ఎక్కువైనచోటా, మట్టి అనుమానాస్పదమైనచోటా మందాన్ని ఆరు అంగుళాలకు పెంచడం వివేకం. తయారీదారు చిన్న పుస్తకంలో ఏమని ఉన్నదో ముందు చదవాలి. దానిని మీరితే హామీ చెల్లదు.

కాంక్రీటు పోయడానికి ముందే ముగించవలసిన పనులు కొన్ని ఉన్నవి. 2007 నుండి అమెరికా అంతటా 811 నెంబరుకు ఫోను చేస్తే నేలలోని గ్యాసు, విద్యుత్తు గొట్టాలకు ఉచితంగా గుర్తులు పెట్టిస్తారు. ఊరి కార్యాలయంలో అనుమతి తీసుకోవాలి. పెద్ద తొట్టికి సాధారణంగా 240 వోల్టుల, 50 ఆంపియర్ల విద్యుత్తు కావాలి. లీకయిన విద్యుత్తును పసిగట్టి తక్షణమే ఆపే పరికరం, కనుచూపు మేరలోనే గాని నీటికి కనీసం ఐదడుగుల దూరంలో ఆపు స్విచ్చి ఉండాలి. కొన్ని ఏర్పాట్లలో గచ్చులోని ఊచలను రాగి తీగతో తొట్టి లోహభాగాలకు కలపాలని నియమావళి చెబుతుంది. తడికాళ్లతో గచ్చు మీద నిలబడి తొట్టిని తాకిన బిడ్డ శరీరం గుండా విద్యుత్తు ప్రవహించకుండ ఉండడానికే ఈ కలయిక. కాంక్రీటు పోసిన తరువాత ఆ తీగను కలపడం సాధ్యం కాదు. కనుక లైసెన్సు గల ఎలక్ట్రీషియను లారీ కన్న ముందు రావాలి; తనిఖీ అధికారి సంతకం కూడ అప్పటికే కావాలి. తాళం వేయగల మూతను తొట్టితో పాటే కొనాలి.

నింపే రోజున సగం వరకు నీరు పట్టి, ఒక రాత్రి అలాగే ఉంచి, మరునాడు ఉదయం నాలుగు అంచుల వద్ద నీటి ఎత్తును కొలిచి గోడ మీది క్యాలెండరులో వ్రాసి పెట్టుకోవాలి. ఒక శీతకాలం, ఒక వేసవి గడిచిన తరువాత మళ్లీ కొలిచి చూస్తే, గచ్చు ఏ మూలకు కదిలిందో, అసలు కదిలిందో లేదో ఆ నాలుగు అంకెలే చెబుతాయి.